సవరణ: కిట్ ముక్కల మీద నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు

పోయిన వారం ప్లాస్టిక్ మోడల్ కిట్ల పోస్టులో, ముక్కలన్నీ అతుక్కుని వచ్చే ఫ్రేమ్ నుంచి కత్తిరించాక ముక్క మీద మిగిలే తెల్లమచ్చను నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిస్తే నున్నగా అవుతుందని రాశాను. అది తప్పు. ఆ సీసాల్లో చాలావాటిలో ఉండేది అసిటోన్, కిట్ ముక్కలేమో ఎక్కువగా పాలీస్టైరీన్, చాలా కిట్లలో ఫ్రేమ్ మీదే పీఎస్ (పాలీస్టైరీన్‌కు పొట్టిపేరు) అని అచ్చు ఉంటుంది చూడండి. పాలీస్టైరీన్‌ను అసిటోన్ కరిగించేస్తుంది. మా కాలనీలో కెమిస్ట్రీ చెప్పే సార్ పోస్టు చదివి ఈ మాట అన్నారు, ఏ ప్లాస్టిక్‌కు ఏ రసాయనం పడదో చెప్పే పట్టికల్లోనూ అదే ఉంది. అయినా మనసు ఒప్పక పాత విమానం రెక్క మీద కాస్త పూసి చూశా, పైపొర జిగటై నా బొటనవేలి ముద్ర అలాగే పడిపోయింది. ముందే పరీక్షించకుండా రాయడం నా పొరపాటే.

చేయాల్సింది ఇది: కట్టర్‌తో ముక్కకు కొంచెం దూరంగా ఒక కోత, తర్వాత దగ్గరగా ఇంకోటి, మిగిలిన బొడిపెను బ్లేడుతో మెల్లగా గీకి, 400, 800, 1000 నంబర్ వాటర్ పేపర్లను (తడిపి వాడే గరుకు కాగితాలు) తడిపి వరుసగా రుద్దాలి. ఈ పేపర్ల కోసం హన్మకొండ చౌరస్తా వైపు హార్డ్‌వేర్ షాపుల్లో అడగండి. రంగు వేసేముందు గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపిన గోరువెచ్చని నీళ్లలో కడిగితే అచ్చునూనె (ముక్క అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి పూసేది), దుమ్ము రెండూ పోతాయి. పెయింట్ వేసేవాళ్లకు తెల్లమచ్చతో టెన్షన్ అక్కర్లేదు, ఎలాగూ కనబడదు.