సవరణ: మాగ్నోలియాలో కప్పల వాన
మొన్న ‘మాగ్నోలియా’ (1999) సినిమా గురించి నేను రాసిన పోస్టులో, చివర్లో కురిసే కప్పల వాన ఏ సూచనా లేకుండా ఊడిపడుతుందని, ప్రేక్షకులు రెండుగా చీలిపోయింది దానివల్లేనని ఉంది. మొదటి మాట నిజం కాదు. సినిమా మొదట్లోనే వాన పడే అవకాశం 82 శాతం అని తెరమీద పడుతుంది, తర్వాత కథలోని క్విజ్ షో ప్రేక్షకుల్లో ఒకరు నిర్గమకాండం 8:2 (మళ్లీ ఆ 8, 2 అంకెలే) అని రాసిన అట్ట పట్టుకుని కనిపిస్తే సిబ్బంది వచ్చి దాన్ని లాగేసుకుంటారు, బైబిల్లోని ఆ వచనమేమో దేవుడు శిక్షగా కప్పల్ని పంపుతాననడం గురించే. అన్ని పాత్రలు, అన్ని కథల మధ్య మొదటిసారి చూసేవాళ్లకి ఇవి కంటపడటం కష్టంలెండి.

రెండో మాట సగమే నిజం. కప్పల దాకా రాకముందే చిరాకుపడ్డవాళ్లు బోలెడుమంది. నిడివి మూడు గంటల పైనే, దాదాపు అందరూ ఏడుస్తూనో అరుస్తూనో ఉంటారు, పైగా ఒక చోట ఎక్కడెక్కడో ఉన్న పాత్రలన్నీ ఒకే పాటను వంతులవారీగా అందుకుంటాయి. నాకు ప్రాణం ఆ సీనే, చాలామందికి సినిమాతో తెగిపోయేదీ అక్కడే. వాళ్లకి సినిమా అర్థం కాలేదని నేను అనలేదు, అలా చదువుకోకండి. అర్థమయ్యే వద్దనుకున్నారు.

ఇంకోటి, ఆస్కార్ వాళ్లు అసలు పట్టించుకోలేదన్న వాక్యం తీసేశాను. టామ్ క్రూజ్ నటనకి, స్క్రీన్‌ప్లేకి, పాటకి కలిపి మూడు నామినేషన్లు వచ్చాయి, గెలిచింది ఏదీ లేదు. 2000 బెర్లిన్ చిత్రోత్సవంలో మాత్రం అక్కడి అత్యున్నత బహుమతి గోల్డెన్ బేర్ దీనికే ఇచ్చారు.