మెకానిక్ అంటే చదువు అబ్బనివాడనేనా?

ఉగాదికి మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో పాట్‌లక్ పెట్టుకున్నాం, అంటే తలా ఒక వంటకం తెచ్చుకోవడం. పులిహోర వడ్డించుకుని ఒక మూల నిలబడ్డాను. ముఖపరిచయం ఉన్న ఒకాయన వచ్చి "ఇప్పుడెక్కడ చేస్తున్నారండీ?" అన్నారు. ఎక్కడా చేయడం లేదు, కమ్యూనిటీ కాలేజీలో విమానాల మెకానిక్ కోర్సు చదువుతున్నానని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరవాత భుజం మీద చెయ్యి వేసి, "పర్లేదండీ, మార్కెట్ మళ్ళీ లేస్తుంది. చదువుకున్నవాళ్ళు, మీకేం భయం" అన్నారు.

మంచి మనసుతోనే అన్నారు, కాదనను. కానీ ఆ "చదువుకున్నవాళ్ళు" అన్నమాట దగ్గర నాకు పులిహోరలో ఎండుమిరపకాయ కొరికినట్టయింది. ఇంటికొచ్చి రెండు రోజులైనా మంట తగ్గలేదు. అందుకే ఈ పోస్ట్. కొంచెం పొడుగవుతుంది, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

నాకు 43 ఏళ్ళు. డాలస్ పక్కన ఉంటాం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో 15 ఏళ్ళు చేశాను. 2023లో ఒక శుక్రవారం పొద్దున లాప్‌టాప్ లాగిన్ కాలేదు. ఉద్యోగం పోయిందని నాకు తెలిసింది అలాగే. గ్రీన్ కార్డు అప్పటికే ఉంది కాబట్టి, వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళలా 60 రోజుల్లో పెట్టెలు సర్దుకోవాలన్న టెన్షన్ లేదు. ఎనిమిది నెలలు ఇంటర్వ్యూలకు తిరిగాను. ఇల్లు మా ఆవిడ జీతం మీదే నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది. చివరికి ఈ కోర్సులో చేరాను. రెండేళ్ళకీ కలిపి ఇక్కడ కడుతున్న ఫీజు, అప్పట్లో నా ఎమ్మెస్‌కు ఒక్క సెమిస్టర్‌కు కట్టినదానికి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది.

ఒక నిజం ఒప్పుకుంటాను. ఆ 15 ఏళ్ళలో ఒక్క డాక్యుమెంట్ కూడా మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి ఎరగను. కావలసిన ముక్క వెతుక్కోవడం, కాపీ చేసుకోవడం, మీటింగ్‌లో తెలిసినట్టు తలూపడం, అంతే. నా జీవితంలో నిజంగా చదవడం మొదలుపెట్టింది ఈ గ్రీజు అంటిన చేతులతోనే.

స్పార్క్ ప్లగ్ మార్చడమే తీసుకోండి. మన ఊళ్ళో బైక్ షెడ్డు కుర్రాడు టీ తాగుతూ మార్చేస్తాడు. మా ల్యాబ్‌లో ఉన్నది లైకామింగ్ ఓ-320 ఇంజన్. సిలిండర్లు నాలుగు, ప్లగ్గులు ఎనిమిది. ఒక్కో సిలిండర్‌కు రెండేసి, వాటికి కరెంటు రెండు వేరువేరు మాగ్నెటోల నుంచి వస్తుంది (ఇంజన్ తిరుగుతుంటే నిప్పురవ్వకు కరెంటు పుట్టించే యంత్రాలు). ఒకటి పోయినా ఇంకొకటి నడిపించాలని ఆ ఏర్పాటు. ఆ ప్లగ్ మీద చెయ్యి వెయ్యాలంటే ముందు ఆ ఇంజన్ మాన్యువల్ తెరవాలి. అది తాజా ప్రతేనా అని చూడాలి. ఏ ప్లగ్ పడుతుందో పార్ట్ నంబర్ వెతకాలి. ఆ ఇంజన్ మీద ప్రభుత్వం భద్రతా ఆదేశాలేమైనా ఇచ్చిందా అని వెతకాలి. రాగి వాషర్ కొత్తది వెయ్యాలి. బిగించేది 35 ఫుట్-పౌండ్లకు, అదీ తేదీ దాటకుండా క్యాలిబ్రేట్ చేసిన టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాతో. అంతా అయ్యాక లాగ్‌బుక్‌లో ఏం చేశానో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, కింద నా సర్టిఫికెట్ నంబరు వెయ్యాలి. ల్యాబ్‌లో అయితే ప్రస్తుతానికి ఉత్తుత్తి నంబరు వేస్తున్నాం. చేతిపని పావుగంట. మిగతాదంతా చదువే.

దీన్ని చదువు కాదని ఎవరైనా అంటే నాకు కోపం రాదా?

మన దగ్గర మెకానిక్ అనే మాటే తిట్టులా వాడతాం. "పదో తరగతి తప్పావంటే మెకానిక్ షెడ్డులో పడేస్తా" అని బెదిరించని ఇల్లు మా వీధిలో లేదు. తమాషా ఏంటంటే మా నాన్న కూడా ఆ మాటే అనేవాడు. ఆయన పనిచేసింది బస్సు డిపోలో, మెకానిక్‌గా, 31 ఏళ్ళు. దసరాకి పానాలన్నీ కిరోసిన్‌తో కడిగి, వరసగా పేర్చి, బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టేవాడు. మర్నాటి నుంచి మళ్ళీ "నా బతుకు నీకొద్దురా" పాటే. పానాకి దండం పెడతాం, ఆ పానా పట్టుకున్న చేతికి మాత్రం పిల్లనివ్వం.

అలాగని ఇంకో రకం వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. "మనవాళ్ళకి పుస్తకాలెందుకండీ, చెవి పెడితే ఇంజన్‌లో ఏం పాడైందో చెప్పేస్తారు, తీగముక్కతో రిపేరు చేసేస్తారు" అని మురిసిపోయేవాళ్ళు. మా నాన్న అలాంటివాడే. బస్సు గేటు దాటకముందే శబ్దం విని ఏ బేరింగ్ పోయిందో చెప్పేవాడు. ఆ చెవి ముందు ఇప్పటికీ నేను ఎందుకూ పనికిరాను. కానీ విమానం దగ్గర ఒక్క చెవినీ, ఒక్క కంటినీ నమ్ముకుంటే ఏమవుతుందో మాకు మొదటి సెమిస్టర్‌లోనే ఒక కథ చెప్పారు. అది నన్ను వదలదు.

1990 జూన్ 10. బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం, బీఏసీ వన్-ఎలెవెన్, బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మాలగాకు బయలుదేరింది. 17 వేల అడుగుల ఎత్తులో కాక్‌పిట్ ముందద్దాల్లో ఒకటి ఊడిపోయింది. ఆ గాలి విసురుకు కెప్టెన్ నడుందాకా బయటికి లాగబడ్డాడు. సిబ్బంది ఆయన కాళ్ళు పట్టుకుని వదల్లేదు. కో-పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు. అందరూ బతికారు, కెప్టెన్‌తో సహా. ఇంతకీ ఏమైంది? సుమారు 27 గంటల ముందు, రాత్రి డ్యూటీలో ఆ అద్దం మార్చారు. మార్చినాయన ఎన్నో ఏళ్ళ అనుభవం ఉన్నవాడు, మంచి పేరున్నవాడు. పాత బోల్టు చేతిలో పట్టుకుని, దానికి సరిపోయేవి స్టోర్‌లో కంటితో చూసి ఎంచుకున్నాడు. పార్టుల పుస్తకం చూడలేదు. 90 బోల్టుల్లో 84 కాస్త సన్నవి, అంగుళంలో వెయ్యికి 26 వంతుల తేడా. మిగతా ఆరూ పొట్టివి.

ఆ తేడా కంటికి ఆనదు. పుస్తకం తెరిస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోయేది.

ఇది విన్న రాత్రి నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "నిద్ర లేదేమో రా వాడికి" అన్నాడు. నైట్ డ్యూటీ చేసినవాడికి ముందు తట్టేది అదే. నిజానికి దర్యాప్తులో రాత్రి వేళ, పని ఒత్తిడి, వెలుతురు, అన్నీ లెక్కలోకి వచ్చాయి. నాకు తట్టనిది ఆయనకు తట్టింది.

ఈ కోర్సు అంతా బంగారమని అనుకోకండి. తిట్టుకునేవి బోలెడున్నాయి. మా బ్యాచ్‌లో 22 మందిమి, నడిచే ఇంజన్లు రెండు. వంతు రావాలంటే రేషన్ షాపు క్యూలా ఉంటుంది. బాగా చెప్పే లెక్చరర్ ఒకాయన మధ్యలోనే ఒక ఎయిర్‌లైన్‌కు వెళ్ళిపోయాడు. అక్కడ జీతం చాలా ఎక్కువ, తప్పు పట్టలేను. కానీ ఆ తరవాత ఆరు వారాలు మాకు వీడియోలే గతి. చెక్క రెక్కలకు గుడ్డ అంటించి లేపనం పూయడం ఇప్పటికీ సిలబస్‌లో ఉంది. నేర్చుకున్నాను, సరదాగానే ఉంది, కానీ ఆ టైములో సగం కాంపోజిట్లకు (కార్బన్ ఫైబర్ లాంటి మిశ్రమ పదార్థాలకు) ఇచ్చి ఉండాల్సింది. పనిముట్లు మనవి మనమే కొనుక్కోవాలి, ఆ లిస్టు చూసి మా ఆవిడ నగల కొట్టు బిల్లేమో అనుకుంది.

ఇక డ్రిల్ బిట్లు. అమెరికా కొలతల మీద వేరే పోస్ట్ రాస్తాను గానీ, ఇది ఇప్పుడే చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. కొన్ని బిట్లకు భిన్నాలు, కొన్నిటికి ఏ నుంచి జెడ్ దాకా అక్షరాలు, కొన్నిటికి 1 నుంచి 80 దాకా నంబర్లు. నంబరు పెరిగేకొద్దీ బిట్టు సన్నబడుతుంది! అంగుళంలో ఎనిమిదో వంతు రివెట్‌కు (రేకులను కలిపి బిగించే లోహపు మేకు) 30 నంబరు బిట్టు. ఎందుకు 30 అని అడిగితే మా లెక్చరర్ భుజాలెగరేశాడు.

రివెట్ల దగ్గరే నాకు నా స్థానం తెలిసొచ్చింది. ఇద్దరు కలిసి చేసే పని అది. ఒకరు రివెట్‌ను కొట్టే గన్ పట్టుకోవాలి, వెనక ఇంకొకరు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. వెనకవైపు సాగిన తల వెడల్పు రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. నా జోడీ 19 ఏళ్ళ కుర్రాడు, పొలాల మధ్య ట్రాక్టర్లు విప్పుతూ పెరిగినవాడు. ఓమ్ సూత్రం లెక్కలు నేను చెప్తాను, గన్ ఎలా పట్టుకోవాలో వాడు చెప్తాడు. నా మొదటి 40 రివెట్లూ పీకి పారేయాల్సి వచ్చింది. గన్ పక్కకు జారితే రేకు మీద నెలవంకలా ఒక గాటు పడుతుంది, దాన్ని వీళ్ళు స్మైలీ అంటారు. నా రేకు నిండా నవ్వులే. సాఫ్ట్‌వేర్‌లో తప్పు చేస్తే ఒక టికెట్ (తప్పు నమోదు చేసే నోట్) రాసి పక్కన పెట్టేవాణ్ణి. ఇక్కడ తప్పు నా ముందు కూర్చుని నవ్వుతోంది.

పరీక్షల సంగతి మనవాళ్ళకు సులువుగా అర్థమవుతుంది. మూడు రాతపరీక్షలు. జనరల్‌కు 60 ప్రశ్నలు, ఎయిర్‌ఫ్రేమ్‌కు (విమానం ఒళ్ళు) 100, పవర్‌ప్లాంట్‌కు (ఇంజన్) 100. ఒక్కోదానికి మూడు ఆప్షన్లు, 70 శాతం వస్తే పాస్. దీనికీ బిట్ బ్యాంకులున్నాయి! ఎంసెట్ రాసిన ప్రాణాలు కదా, అవి చూడగానే నాకు పుట్టింటికి వెళ్ళినట్టనిపించింది. బట్టీ కొట్టాను, మంచి మార్కులు వచ్చాయి. కానీ అసలు పరీక్ష ఆ తరవాతుంది. ప్రభుత్వం నియమించిన ఎగ్జామినర్ ఎదురుగా కూర్చుని నోటితో అడుగుతాడు, తరవాత చేత్తో చేయించి చూస్తాడు. అక్కడ బిట్ బ్యాంకు పనికిరాదు. ఆయనకిచ్చే ఫీజు వేరే, ఆయన డేట్ దొరకడం వేరే. నాకు దొరికింది రెండు నెలల తరవాతే.

ఇంకో మాట, ఇంటి దగ్గరి నుంచి మెసేజ్‌లు పెట్టే తమ్ముళ్ళకు. "అన్నా, లక్షలు కట్టి అక్కడికొచ్చి ఈ కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అంట కదా, కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పారు" అని ముగ్గురు అడిగారు. బాబూ, ఆ సర్టిఫికెట్‌కూ ఇక్కడ పనిచేసే హక్కుకూ సంబంధం లేదు. హెచ్ వన్ (ఉద్యోగ వీసా) రావాలంటే కనీసం బ్యాచిలర్ డిగ్రీ కావలసిన ఉద్యోగమై ఉండాలి. దీనికి డిగ్రీ అడగరు. అదే దీని సుగుణం, మీ వరకు అదే చిక్కు. ఇక్కడి సర్టిఫికెట్ పట్టుకుని ఇండియాకు వెళ్ళినా నేరుగా చెల్లదు, అక్కడ డీజీసీఏ (ఇండియాలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) లైసెన్స్ కావాలి. ఆ దారి మీకు ఇంటి దగ్గరే ఉంది. ఇంటర్ ఎంపీసీతో ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరింగ్) కోర్సు, లైసెన్స్ పరీక్షలు, ప్రాక్టికల్ అనుభవం. శంషాబాద్‌లోనే విమానాలు విప్పి బిగించే పెద్ద హ్యాంగర్లున్నాయి. పొలం అమ్మి రాకండి.

జీతం ఎంతని అడిగేవాళ్ళకు: అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో 2024 నాటికి ఈ ఉద్యోగంలో సగం మందికి ఏడాదికి 78 వేల డాలర్ల పైనే వస్తోంది. కొత్తవాళ్ళకు అంత రాదు. పైగా సీనియారిటీ లేనివాడికి మిగిలేది రాత్రి షిఫ్టు, శని ఆదివారాలు. 43 ఏళ్ళ వయసులో మళ్ళీ జూనియర్‌ని. మా అమ్మాయి డాన్స్ ప్రోగ్రాం వీడియోలో చూడాల్సి వస్తుందేమో. ఈ విషయంలో ఏడుపు వస్తుంది, దాచను.

పోయిన నెల నాన్న వచ్చాడు. ఒక రోజు డైనింగ్ టేబుల్ మీద సేఫ్టీ వైర్ ప్రాక్టీస్ చేస్తున్నాను. బోల్టులు అదురుకు వదులు కాకుండా రెండిటినీ సన్నటి ఉక్కు తీగతో మెలిపెట్టి కట్టేస్తాం, అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది మెలికలు పడాలి. నేను ప్రత్యేకమైన ప్లయర్‌తో కుస్తీ పడుతుంటే కాసేపు చూసి, "ఇలా తే" అని లాక్కుని, మామూలు కటింగ్ ప్లయర్‌తో చకచకా మెలిపెట్టేశాడు. స్కేలు పెట్టి కొలిచాను. ఏడు. ఎక్కడ కొలిచినా ఏడే.

"చూశావా" అన్నాడు.

"చూశాను గానీ, తిరగేసి కట్టావు నాన్నా. ఇది బోల్టు విప్పేవైపు లాగుతోంది."

ఆయన తీగ వంకా, బోల్టు వంకా మార్చి మార్చి చూశాడు. వేలితో తిప్పి చూసుకున్నాడు. ఏమీ అనకుండా ఆ తీగ కత్తిరించి పారేశాడు. కళ్ళజోడు కోసం జేబు తడుముకుంటూ, "ఏదీ, ఆ బొమ్మ ఉన్న పేజీ తియ్యి" అన్నాడు.