వదిన చెయ్యి, మరదలి ఫోను

వాదించుకున్న ఇద్దరిలో ఒకరు మా ఆవిడ, ఇంకొకరు మా చెల్లెలు. కాబట్టి నేను ఎవరి పక్షమూ కాదు, ముందే చెప్పేస్తున్నా. పాలిమర్ క్లేతో చెవిపోగులు, లాకెట్లు, పెన్నులకి తొడుగులు చేయడం ఇద్దరికీ పిచ్చి. మా ఆవిడ ఆరు నెలలు ఒకావిడ దగ్గర కూర్చుని నేర్చుకుంది. చెల్లెలు మొత్తం వీడియోలు చూసే నేర్చుకుంది, అదీ రాత్రి పదకొండు దాటాక. గొడవ ఎక్కడ మొదలైందంటే, చెల్లెలు చేసిన ఆకు ఆకారం పోగుకి హుక్కు తగిలిస్తుంటే అది టప్‌మని రెండు ముక్కలైంది. తగిలిస్తున్నది నేనే. నా వేళ్ల తప్పేమీ లేదని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం వాళ్లిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

వదిన: ఓవెన్లో ఎంతసేపు ఉంచావు?

మరదలు: పదిహేను నిమిషాలు. వీడియోలో ఆవిడ పదిహేనే ఉంచింది వదినా.

వదిన: ఆవిడ వాడిన క్లే ఏది? ఎంత మందం చేసింది? ఆవిడ ఓవెనూ మనదీ ఒకటేనా?

మరదలు: అవన్నీ చెప్పలేదు. చెప్పిందేమో, నేను ముందుకి జరిపేశానేమో.

వదిన: విరిగిన చోట చూడు, సుద్దముక్క విరిగినట్టు లేదూ? పేరుకే ఇది క్లే, ఇందులో మట్టి రవ్వంత కూడా ఉండదు. పీవీసీ పొడి, దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్, రంగు, ఇంకాస్త పూరక పొడి, అంతే. ఇది గాలికి ఆరదు. వేడికి ఆ రేణువులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవాలి. ఆ కలవడం సగంలో ఆగిపోయిందనుకో, పైకి రాయిలా గట్టిగా ఉంటుంది గానీ కొంచెం వంచితే పుటుక్కుమంటుంది. సరిగ్గా కాలినదైతే పల్చటి ముక్క వంగుతుంది, విరగదు. పైగా ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఫిమో మీద 110 డిగ్రీలు అని ఉంటుంది, ప్రీమో మీద 130, కాటో మీద 150. ప్రీమో అయితే ఆరు మిల్లీమీటర్ల మందానికి అరగంట అని ప్యాకెట్ మీదే రాస్తాడు. నీ పోగు ఏ క్లే?

మరదలు: ప్రీమో. సరే, ప్యాకెట్ చదవకపోవడం నా తప్పు. దానికి వీడియోని తిట్టడం దేనికి?

వదిన: చదవాల్సిన పని లేదని నీకు అనిపించేలా చేసింది కదా, అందుకు.

(ఇక్కడ మా చెల్లెలు లేచి వెళ్లి బీరువాలోంచి ఒక పాత రేకు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో ఏముందో నాకు తెలుసు. నేను తల వంచుకుని హుక్కులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను.)

మరదలు: ఇవి నువ్వు చేసిన మొట్టమొదటి లాకెట్లు కదా వదినా? ఒకదాన్నించి ఇంకోదాన్ని విడదియ్యి చూద్దాం.

వదిన: అతుక్కుపోయాయి. నాకు తెలుసులే.

మరదలు: ఎందుకు అతుక్కుపోయాయో కూడా తెలుసు నీకు. మెరుపు కోసం నెయిల్ పాలిష్ పూశావు. పూయమన్నది ఎవరు?

వదిన: మా టీచరమ్మ.

మరదలు: నెయిల్ పాలిష్‌లో ఉండే సాల్వెంట్‌కీ క్లేకీ పడదు. పూసిన రోజు అద్దంలా మెరుస్తుంది, తర్వాత మెల్లగా జిగురు తేలుతుంది. నీళ్లతో చేసిన వార్నిష్ వాడాలని నాకు మొదటి వారంలోనే తెలిసింది, ఎలాగంటావా, రకరకాల పూతలు వేసిన ముక్కల్ని నెలల తరబడి పక్కన పెట్టి, ఆ తర్వాత గోరుతో గీకి చూపించే వాళ్లు ఉన్నారు వీడియోల్లో. ఒక్క టీచరు తప్పు చెబితే క్లాసు క్లాసంతా ఆ తప్పే నేర్చుకుంటుంది. నేను నలుగురివి పక్కపక్కన పెట్టుకుని చూస్తాను, ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటే అక్కడ ఆగుతాను. ఓవెన్ డయల్‌ని నమ్మొద్దు, లోపల విడిగా థర్మామీటర్ పెట్టుకోమని మీ టీచరమ్మ ఎప్పుడైనా చెప్పిందా?

వదిన: ఆవిడ ఓవెన్ ఆవిడకి అలవాటు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

మరదలు: నీ ఓవెన్ నీకు అలవాటు కాలేదుగా అప్పటికి. వీడియోలో ఆవిడ ఓవెన్ వేరు అని నన్ను దులిపావు, టీచరమ్మ ఓవెన్ మాత్రం వేరు కాదా?

(మా ఆవిడకి వెంటనే జవాబు దొరక్కపోవడం నేను పదేళ్లలో చూసింది బహుశా రెండుసార్లు. ఇది రెండోది.)

వదిన: సరే, పూత సంగతి, థర్మామీటర్ సంగతి వదిలేద్దాం. అవి సమాచారం, ఎక్కడైనా దొరుకుతాయి, వీడియోలో ఇంకా ఎక్కువే దొరుకుతాయేమో. నేనంటున్నది చేతి గురించి. మొన్న నువ్వు చేసిన కేన్ సంగతి చెప్పు. పువ్వు కేన్.

మరదలు: దాని ఊసెత్తకు.

వదిన: ఎత్తాలి. (నా వైపు తిరిగి) మీకు తెలీదేమో, కేన్ అంటే ఏంటంటే, లోపల పువ్వు బొమ్మ వచ్చేలా రేకులు, మధ్య దిమ్మ, చుట్టూ నేపథ్యం రంగు అన్నీ పొడుగ్గా పేర్చి దుంగలా కడతారు. ఎక్కడ కోసినా అదే పువ్వు. గాజుపనిలో దీన్ని మిల్లెఫియోరి అంటారు, వెయ్యి పూలు అని అర్థం, అక్కడినించే మన క్లేవాళ్లు తెచ్చుకున్నారు. దుంగ కట్టడం పెద్ద కష్టం కాదు. దాన్ని సన్నగా లాగడమే అసలు పని. ఆరు సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న దుంగని ఒకటిన్నరకి తేవాలనుకోండి, లెక్క ప్రకారం పొడవు పదహారు రెట్లవుతుంది. అంత దూరం లోపలి బొమ్మ చెదరకుండా రావాలి. వీడియోలో అది ఎంతసేపు చూపించారే?

మరదలు: ఇరవై సెకన్లు. ఫాస్ట్ ఫార్వర్డ్‌లో. పాట పెట్టారు.

వదిన: పాట పెట్టారు! నలభై నిమిషాల పనిని ఇరవై సెకన్లకి కుదించి పాట పెట్టారు. నేర్చుకోవాల్సింది సరిగ్గా అక్కడే ఉంది, వాళ్లు కత్తిరించింది కూడా సరిగ్గా అక్కడే. కట్టడం చూపిస్తారు, రంగురంగులుగా బావుంటుంది కాబట్టి. కోసి లోపలి పువ్వు చూపిస్తారు, అబ్బా అంటాం కాబట్టి. మధ్యలో ఒక మనిషి దుంగ నడుమ పట్టుకుని కొంచెం నొక్కి, పావు వంతు తిప్పి, మళ్లీ నొక్కి, చేతి వేడికి క్లే మరీ మెత్తబడితే పక్కన పెట్టి, కాసేపటికి మళ్లీ అందుకుని... ఇది ఎవరు చూస్తారు? ఎవరూ చూడరు. అందుకని తీసేస్తారు. నీ పువ్వు ఏమైంది?

మరదలు: మధ్య దిమ్మ బావుంది. తెల్ల రేకులు మాత్రం నలిగి చుట్టూ పాకాయి. సాలెపురుగులా వచ్చింది.

వదిన: ఎందుకో తెలుసా?

మరదలు: ఇప్పుడు తెలుసు. తెల్లది కొత్త ప్యాకెట్, మెత్తగా ఉంది. ముదురు నీలం పాతది, గట్టిగా ఉంది. రెండూ ఒకే మెత్తదనంలో లేకపోతే నొక్కినప్పుడు మెత్తది ముందు పరిగెడుతుంది.

వదిన: ఆ తేడా నీ వేళ్లకి తెలియలేదా కడుతున్నప్పుడు?

మరదలు: తెలిసింది. వీడియోలో ఆవిడ ఏమీ అనలేదు కాబట్టి ఫర్వాలేదనుకున్నా.

వదిన: చూశావా. వేళ్లు చెబుతున్నాయి, నువ్వు ఫోన్ మాట విన్నావు. మా టీచరమ్మ పక్కనుంటే ఒక్కసారి ముట్టుకుని, ఈ తెల్లదాన్ని రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి మీద బరువు పెట్టు, రాత్రికల్లా కాగితం ఎక్కువైన ప్లాస్టిసైజర్‌ని నూనెలా పీల్చేస్తుంది, రేపు చేద్దువుగాని అనేది. ఎంత నొక్కాలో మాటల్లో చెప్పలేక నా చేతి మీద చెయ్యి వేసి నొక్కేది. అది ఏ వీడియోలో వస్తుంది?

మరదలు: రాదు. ఒప్పుకుంటున్నా. కానీ వదినా, నువ్వు ఆ క్లాసులో ఎక్కడ కూర్చునేదానివి?

వదిన: టీచరమ్మకి ఎదురుగా. మొత్తం ఎనిమిదిమందిమి బల్ల చుట్టూ.

మరదలు: ఎదురుగా అంటే ఆవిడ చేతులు నీకు తిరగేసి కనిపించేవి. వీడియోలో కెమెరా చేసేవాళ్ల తల మీదుంటుంది, వాళ్ల కళ్లకి కనిపించేదే నాకూ కనిపిస్తుంది. ఇంకో మాట, నాది ఎడమచేతి వాటం. క్లాసులో అయితే మొదటి రోజే కుడిచేత్తో బ్లేడు పట్టుకోమనేవాళ్లు. నేను వీడియోని అద్దంలోలా తిప్పి చూస్తాను, అంతే, ఆవిడ నాకోసం ఎడమచేతి మనిషైపోతుంది. ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి జారే ఆ స్కిన్నర్ బ్లెండ్ నేర్చుకోడానికి నాకెన్ని రోజులు పట్టిందో తెలుసా? మూడు రోజులు. ఒకే చోట పాజ్ చేసి, వెనక్కి జరిపి, ఓ ముప్ఫై సార్లు చూసుంటాను.

వదిన: దాన్లో ముప్ఫైసార్లు చూసేదేముంది, రెండు రంగుల త్రికోణాలు పక్కపక్కన పెట్టి మడిచి రోలర్‌లో వెయ్యడమేగా.

మరదలు: నీకు ఇప్పుడు అలా ఉంది. మడత ఎప్పుడూ ఒకే దిక్కుగా పడాలి, పొరపాటున ఒక్కసారి అడ్డంగా మడిస్తే ఆ రంగుల జారుడు పోయి మొత్తం ఒకే మురికి రంగవుతుంది. నాకు ఆ మడత బుర్రకెక్కలేదు. ఎనిమిదిమంది ఉన్న క్లాసులో ఇంకోసారి చూపించండి అని ఎన్నిసార్లు అడుగుతాను? రెండుసార్లు. మూడోసారి అర్థమైనట్టు తలూపేస్తాను. ఫోన్‌కి మొహమాటం లేదు. ముప్ఫయ్యోసారి కూడా మొదటిసారి చూపించినంత ఓపిగ్గా చూపిస్తుంది. నాలాంటి మందబుద్ధులకి అది ఎంత పెద్ద విషయమో తొందరగా పట్టుకునే నీలాంటి వాళ్లకి తెలీదు.

(ఈ మాటకి నా మనసు చెల్లెలి వైపు వెళ్లిందని ఒప్పుకోవాలి. నేనూ తలూపే రకమే.)

వదిన: సరే, ఆ పని ఓపిగ్గా చూపించే వాళ్లవైతే చూడు, కాదనను. కానీ నీ ఫోన్లో వచ్చేవన్నీ అవే కాదుగా. మైక్రోవేవ్‌లో రెండు నిమిషాల్లో చేసేయండి అనేది ఒకటి, కొవ్వొత్తి మీద కాల్చేది ఇంకొకటి, వేడి రెట్టింపు చేస్తే సమయం సగమవుతుంది అనేది మరొకటి. ఇది పీవీసీ అని చెప్పానా లేదా? మాడిందంటే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, కళ్లూ గొంతూ మండిపోతాయి. టైమ్ పెంచితే ఏమీ కాదు, వేడి పెంచితేనే ప్రమాదం. వాళ్లు దీన్ని తలకిందులు చేసి చెబుతున్నారు.

మరదలు: అలాంటివాటిని నేనూ తిడతాను. వాటికి నా దగ్గర వకాల్తా లేదు.

వదిన: ఇంకోటి. నువ్వు పోస్ట్ చేసిన ఆ నెమలిరంగు పోగులు నీవా, ఆ వీడియో ఆవిడవా?

మరదలు: చేసింది నేనే.

వదిన: చేసింది నువ్వే. ఆకారం ఆవిడది, మూడు రంగుల పొందిక ఆవిడది, చివర వేసిన బంగారు చుక్క కూడా ఆవిడదే.

మరదలు: మరి స్కిన్నర్ బ్లెండ్ నీదా? జుడిత్ స్కిన్నర్ అనే ఆవిడ కనిపెట్టి అందరికీ చెప్పింది కాబట్టి ఆవిడ పేరు పెట్టుకుని ప్రపంచమంతా వాడుతోంది. పోయిన వారం నువ్వు చేసిన మోకుమె గానె, జపాన్‌లో లోహప్పనివాళ్ల పద్ధతి, పొరలు పేర్చి చెక్క నారలా గీతలు తేలేలా చెక్కడం. క్లేవాళ్లు ఎత్తుకొచ్చారు. అందరూ ఎవరో ఒకరి దగ్గర ఎత్తుకొచ్చినవాళ్లేగా.

వదిన: పద్ధతి వేరు, వస్తువు వేరు. ఆవిడ మడత చూపించింది నువ్వు మడవడానికి, ఆ పోగు ఆవిడ అమ్ముకోడానికి. ఇంట్లో నేర్చుకోడానికి నూటికి నూరుపాళ్లు కాపీ కొట్టు, నేనూ కొట్టాను. పేరు చెప్పకుండా నాది అని బయట పెట్టకు. నువ్వు గమనించావో లేదో, ఆ బంగారు చుక్క నీకు అవసరం కూడా లేదు, ఆకారం పొడుగ్గా లాగావు కాబట్టి చుక్క కింద పడిపోయినట్టుంది. ఆవిడ పెట్టింది కాబట్టి నువ్వూ పెట్టావు.

మరదలు: (కాసేపాగి) అది నాకూ అనిపించింది. ఎందుకో తెలియలేదు.

ఆ తర్వాత కొంతసేపు మాటలు లేవు. మా ఆవిడ మిగిలిపోయిన తెల్ల ముద్దని నొక్కి చూసి, రెండు కాగితాల మధ్య పెట్టి, మీద నా డిక్షనరీ పెట్టింది. (ఆ మరకలు ఇంకా ఉన్నాయి.) చెల్లెలు ఇంకో జత ఆకులు కోసి పలక మీద మందపాటి కాగితం పరిచింది, పలకకి నేరుగా తగిలితే వెనక మెరుపు మచ్చ పడుతుందట. ఓవెన్ వెలిగించారు. డయల్ 130 దగ్గర ఉంది. లోపల పెట్టిన థర్మామీటర్ మాత్రం 112 దగ్గర నిలబడి కదలనంది.

వదిన: చూశావా, మొన్న కూడా ఇంతే అయ్యుంటుంది. పదిహేను నిమిషాలు, అదీ 112లో.

మరదలు: థర్మామీటర్ కొనిపించింది నేనే, గుర్తుందా?

వదిన: గుర్తుంది, గుర్తుంది. డయల్ కొంచెం తిప్పు. ఒకేసారి కాదు.

అది 130కి చేరేదాకా చేసేదేమీ లేక చెల్లెలు ఫోన్ తీసింది. ఏదో కొత్త వీడియో, కేన్‌ని గుండ్రంగా కాకుండా చతురస్రంగా లాగుతున్నారు, ఈసారి పాట లేదు, వేగం పెంచలేదు, ఒక ముసలావిడ చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి. మా ఆవిడ చూడనట్టే కూర్చుని చేతులు తుడుచుకుంటోంది. మూడో నిమిషంలో కుర్చీ ఇటు జరిపింది.

వదిన: ఆగు. ఆ బొటనవేలు ఎక్కడ పెట్టింది? కొంచెం వెనక్కి జరుపు.