కరకట్ట గారికి కాళ్ల నొప్పులతో రాయునది

మహారాజశ్రీ భద్రాచలం గోదావరి కరకట్ట గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం, ఎడమ మోకాలు మినహా. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. అలా తలవకపోతే నాకు నిద్ర పట్టదు, మా ఇల్లు మీకు లోపలివైపు పల్లంలో ఉంది మరి.

నేనెవరో మీకు తెలుసు. రోజూ ఉదయం ఐదున్నరకి మీ వీపు మీద దబదబా చప్పుడు చేసుకుంటూ వెళ్లేవాణ్ణి. చిలకాకుపచ్చ బూట్లు. మొదట్లో కుక్కలు వెంటపడేవి. ఇప్పుడు నన్ను దాటేసి ముందుకెళ్లి, కూర్చుని, నేను వచ్చేదాకా ఎదురుచూస్తున్నాయి.

అసలు డాక్టరు గారు నన్ను నడవమనే అన్నారు. షుగరు రిపోర్టు చూసి, "రోజూ ఒక గంట కట్ట మీద నడవండి" అన్నారు. అదీ బాగానే సాగింది. పోయిన కార్తీకంలో హైదరాబాద్ నుంచి మా బావమరిది వచ్చాడు. అతగాడు కేబీఆర్ పార్కు చుట్టూ పరిగెత్తే మనిషి. వచ్చిన మర్నాడే మీ మీదికెక్కి, గోదావరిని చూసి, నోరు తెరిచి, ఫోన్ తీసి, "బావా! ఇంత సీనిక్ ట్రైల్ ఇంటి పక్కన పెట్టుకుని పొట్ట పెంచుకున్నావేంటి?" అన్నాడు. మీరు ట్రైల్ అని అప్పటిదాకా నాకు తెలియదు. మీకూ తెలిసి ఉండదు. ఊళ్లో మిమ్మల్ని కట్ట అంటాం. "కట్ట మీదికి వెళ్లొస్తా" అంటే ఇంట్లో వాళ్లు ఎందుకని అడగరు. ఆ మాటకి చాలా అర్థాలున్నాయి, కొన్ని చెప్పుకునేవి కావు.

మా వాడు నా ఫోన్‌లో ఓ యాప్ వేసి, మీకు "గోదావరి రివర్ ఫ్రంట్ లూప్" అని నామకరణం చేసి వెళ్లాడు. బారసాల మీకు ఇష్టమయిందో లేదో గానీ, మీరు లూప్ కాదండీ. ఇటు చివరి నుంచి అటు చివరికి పోవాలి, పోయిన దారినే రావాలి. ఆ సంగతి యాప్‌కి చెప్పినా వినదు. పైగా ఎత్తు ఎక్కినందుకు నాకు ఓ బొమ్మ పతకం ఇస్తుంది. ఆ ఎక్కింది మీ మెట్లే.

పొద్దున్నే మీ మీద ఉండే జనాభా గురించి బావమరిది యాప్‌లో ఎక్కడా రాయలేదు, అందుకని నేను చెబుతాను. ముందు రిటైర్డు వాకింగ్ బ్యాచ్. ఐదుగురూ ఒకే వరసలో, చేతులు వెనక్కి కట్టుకుని, కట్ట మొత్తం వెడల్పునా నడుస్తారు. వాళ్లని దాటాలంటే ఒకటే మార్గం, వాళ్లతో కలిసి పీఆర్‌సీ గురించి మాట్లాడుతూ అవతల తేలడం. ఆ తర్వాత గేదెలు. గేదెలే నయం, పక్కకు తప్పుకుంటాయి. వాటి వెనక కర్ర పట్టుకుని వచ్చే అవ్వ మాత్రం తప్పుకోదు. చెప్పుల్లేని కాళ్లతో నడిరోడ్డు మీద నిలబడి రోజూ ఒకే ప్రశ్న: "ఎవరు తరుముతున్నారయ్యా నిన్ను?"

యాత్రికులది ఇంకో కథ. స్నానం చేసి వచ్చి తడిచీరలు ఆరబెట్టుకుంటారు కదా. ఇద్దరాడవాళ్లు చెరో కొసా పట్టుకుని మీకు అడ్డంగా చీర చాపి నిలబడతారు. చెమటతో కళ్లు మసకబారి పరిగెత్తుకొచ్చే నాలాంటివాడికి దూరం నుంచి అది పందెం చివర కట్టే రిబ్బన్‌లా కనిపిస్తుంది. ఒకసారి ఛాతీ ముందుకు పెట్టి నేరుగా దాంట్లోకి వెళ్లాను. జరీ అంచు ఎర్రచీర. వాళ్లది పల్నాడు వైపని తిట్టిన యాసని బట్టి తెలిసింది. జన్మలో నాకు దక్కిన ఒకే ఒక్క ఫినిష్ అది.

ఇక పొగ. మీ పక్కన ఎవరో చెత్త పోస్తారు, ఎవరో అంటిస్తారు. ఎవరని నేను అడగను, మీరూ చెప్పొద్దు. సరిగ్గా నేను ఊపిరి బలంగా పీల్చే సమయానికే ఆ పొగ లేస్తుంది. దీన్నే రివర్ ఫ్రంట్ గాలి అంటారు కాబోలు. అధికారులు ఏం చేస్తున్నారని కొందరు అడుగుతుంటారు గానీ, నాకు వాళ్లమీద కోపం లేదు. ఈ ఊళ్లో సర్కారు సొమ్ము పెట్టి పని పూర్తిచేసిన ఉద్యోగి చరిత్రలో ఒకాయన ఉన్నాడు, పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న. ఆయన్ని తానీషా గోల్కొండలో పన్నెండేళ్లు ఖైదు చేశాడని కదా చెప్పుకుంటాం. అది విన్న తర్వాత ఏ ఉద్యోగి మాత్రం తొందరపడతాడు?

ఆదివారాలు మిమ్మల్ని వదిలి దుమ్ముగూడెం రోడ్డు పడతాను. దీన్ని లాంగ్ రన్ అంటారని బావమరిది ఉవాచ. నిజంగా లాంగే, ఎందుకంటే ఇంటి నుంచి కాస్త దూరం పోగానే రాష్ట్రం దాటిపోతాం. 2014లో ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. తెలంగాణలో బూట్ల లేసు కట్టుకుని, ఆంధ్రలో చెమట పట్టించుకుని, ఓపికుంటే దుమ్ముగూడెం మండలంలో మళ్లీ తెలంగాణలోకి వచ్చి కూలబడవచ్చు. ఇడ్లీ తినకముందే అంతర్రాష్ట్ర పరుగు! మా ఊరి పంపకంలో రాముడు తెలంగాణకు వచ్చాడు, జటాయువు ఆంధ్రకు పోయాడు. ఆ పక్షి రెక్కలు తెగి పడిందని చెప్పుకునే చోటే ఎటపాక మరి. రావణుణ్ణి ఆపబోయిన రోజున ఆయనకి సరిహద్దు గొడవ ఉండి ఉంటే, ముందు ఏ రాష్ట్రంలో కేసు పెట్టాలో తేలేది కాదు.

గుండాల దగ్గర ఏటి ఒడ్డున ఇసుకలో చెలమ తీస్తే వేడినీళ్లు ఊరతాయి. అక్కడ కాళ్లు కడుక్కుంటే మోకాలికి మంచిదని చాలామంది అన్నారు. నా మోకాలు ఒప్పుకోలేదు.

పర్ణశాల దాకా పరిగెత్తమని బావమరిది పోరు. ముప్పై అయిదు కిలోమీటర్లు. "ఇంకో ఏడు కలిపితే మారథాన్ బావా" అంటాడు. నేనొకటే చెప్పాను: "ఒరేయ్, పర్ణశాల దగ్గర అడవిలో పరిగెత్తినవాళ్లలో మొదటివాడు సాక్షాత్తూ రాముడు. జింక వెనక పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి ఇల్లు ఖాళీ. మీ అక్కని ఇంట్లో వదిలి నన్ను పొమ్మంటావా?" అక్క ఆ మాట విని, "నువ్వు వెళ్లు, నేనెక్కడికీ పోను" అంది. ఆ గొంతులో కాస్త ఆశ వినిపించింది నాకు.

సరే, అసలు సంగతికి వస్తాను. నా లెక్క కిలోమీటర్లలో, ఊరి లెక్క అడుగుల్లో. ఎక్కాలు రాని పిల్లాడికి కూడా ఇక్కడ 43, 48, 53 వచ్చు. మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు. జులై వస్తే చాలు, అందరి ఫోన్లలో గంటగంటకూ నీటిమట్టమే. పైన ఇంద్రావతి, తాలిపేరు ఏం మోసుకొస్తున్నాయి, కింద కూనవరం దగ్గర శబరి అడ్డుపడి మన నీళ్లు దిగనిస్తుందా లేదా, పెళ్లి సంబంధం లెక్కన మాట్లాడుకుంటారు. స్నానఘట్టాలు మునుగుతాయి, మీ చుట్టం కల్యాణకట్ట మునుగుతుంది. అప్పుడు మీ కిందున్న స్లూయిజ్ గేట్లు మూస్తారు. మూయకపోతే నది ఊళ్లోకి వస్తుంది. మూస్తే ఊళ్లో కురిసిన వాన, మురుగు బయటికి పోవు. రామాలయం పక్క పల్లపు వీధుల్లో మోటార్లు పెట్టి తోడుతుంటారు. శత్రువు రాకుండా కోట తలుపులు మూశారు, సంతోషం. మమ్మల్ని మా మురుగుతో కలిపి లోపల పెట్టి మూశారే!

2022 జులైలో 71.3 అడుగులు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అప్పటికి నేను పరుగు మొదలుపెట్టలేదు. అవసరమైతే ఊరంతా మొదలుపెట్టడానికి సిద్ధంగా ఉంది. ఆ రాత్రి మా వీధివాళ్లం నలుగురం మీ కిందికొచ్చి, టార్చి వేసి, మీ పక్కలు తడిమి చూశాం. జ్వరమొచ్చిన పిల్లాడి ఒళ్లు చూసినట్టు. చెమ్మగా ఉందంటే వాన చెమ్మా, నది చెమ్మా అని వాదించుకున్నాం. మీ మీద ఎన్నిసార్లు కిళ్లీ ఉమ్మామో ఆ రాత్రి మాకెవరికీ గుర్తు రాలేదు. మీరూ ఎత్తలేదు, అది మీ పెద్దమనసు.

86లో మీరు లేరు. ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. మా నాన్న నన్ను భుజానికెత్తుకుని, ఇంకో చేత్తో బియ్యం డబ్బా పట్టుకుని, మోకాళ్లలోతు నీళ్లలో మెరకకి పరిగెత్తాడు. సీనరీ చాలా బాగుండి ఉంటుంది, ఎటు చూసినా నీళ్లే కదా. ఎంత దూరమో, ఎంత సేపో ఎక్కడా నమోదు కాలేదు. చేతికి గడియారం లేదు, ఉన్నా నొక్కడానికి చెయ్యి ఖాళీ లేదు. 90లో మళ్లీ 70 దాటింది. మీరు పుట్టుకొచ్చింది ఆ తర్వాత. మా నాన్న మిమ్మల్ని ఎప్పుడూ ట్రైల్ అనలేదు. సాయంత్రాలు మీ మీద కూర్చుని, సారపాక వైపు పొద్దు గుంకేదాకా, ఎర్రబడ్డ నదిని చూడకుండా మీ రాతికట్టు ఎక్కడైనా జారిందా అని చూసేవాడు.

ఇప్పుడు దిగువన పోలవరంలో మీకంటే చాలా పెద్ద కట్ట ఒకటి లేస్తోంది. అది నిండితే వెనక్కి తన్నే నీళ్లకి మీ ఎత్తు చాలుతుందా చాలదా అని ఊళ్లో వాదన. వాకింగ్ బ్యాచ్‌లో ముగ్గురు చాలదంటారు, ఇద్దరు చాలుతుందంటారు, ఆ ఇద్దరిలో ఒకాయన ఇప్పటికే ఖమ్మంలో ఇల్లు కొన్నాడు. మీ అభిప్రాయం మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగను. మిమ్మల్ని ఎత్తు పెంచాలని అడగడానికి నాకేం అర్హత ఉంది? నాకు నేనే నడుము తగ్గించుకోలేకపోతున్నాను.

రేపు కూడా వస్తాను. 43 దాటితే మాత్రం పరుగుకి రాను, అందరిలాగే నీళ్లు చూడ్డానికి వస్తాను, బజ్జీల పొట్లం పట్టుకుని.

ఇట్లు,
తన బరువు తగ్గడానికి రోజూ మీ మీద బరువు మోపుతున్న
ఒక పల్లపు వీధివాడు

తా.క.: గేదెల అవ్వకి నిన్న ఆగి జవాబు చెప్పాను, తరుముతున్నది షుగరని. "ఓస్, అంతేనా! గోదారొస్తోందేమో అనుకున్నా" అని గేదెల్ని అదిలించుకుంటూ పోయింది.