సంతకాల మాక్ డ్రిల్లులు ఇక చాలు

కాన్పులో ప్రాణాపాయం వస్తే ఏం చేయాలో ముందుగా సాధన చేయడమే మాక్ డ్రిల్. తనిఖీ బృందం వస్తుందన్న వారంలో మాత్రమే బీరువాలోంచి శిక్షణ బొమ్మను బయటకు తీసి, రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించి, మళ్లీ తాళం వేసే ఆసుపత్రి బాలింతలను మోసం చేస్తున్నట్టే. కాన్పు గదుల నాణ్యత, సిబ్బంది నైపుణ్యం పెంచేందుకు కేంద్రం తెచ్చిన లక్ష్య, దక్షత లాంటి పథకాల కింద నేర్పినవి లేబర్ రూమ్‌లో పనికొస్తున్నాయో లేదో సంతకాలు చెప్పవు.

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం అందుతుంది. మాయ పడ్డాక గర్భసంచి గట్టిపడకపోతే రక్తస్రావం ఆగదు. అప్పుడు ఏం చేయాలో ప్రతి స్టాఫ్ నర్సుకూ తెలుసు: గర్భసంచిని మర్దన చేయాలి, దాన్ని బిగించే ఆక్సిటోసిన్ ఇవ్వాలి, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము 10 నిమిషాల్లో నరానికి ఎక్కించాలి. ఈ మందు ఆలస్యమయ్యే ప్రతి 15 నిమిషాలకూ ఫలితం సుమారు 10 శాతం పడిపోతుంది. తెలిసినా ఆలస్యం ఎందుకవుతుంది? ఆక్సిటోసిన్ ఉన్న ఫ్రిజ్ తాళం ఎవరి దగ్గరుందో తెలియక, రక్తం కోసం ఎవరు పరుగెత్తాలో ఎవరూ చెప్పక, పోయిన రక్తాన్ని కంటి అంచనాతో తక్కువగా లెక్కగట్టడం వల్ల. తరగతి గదిలో ఇవేవీ బయటపడవు.

బీపీ పెరిగి గర్భిణికి, బాలింతకు ఫిట్స్ వచ్చే గుర్రపు వాతమే చూడండి. దానికిచ్చే మందు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు 14 గ్రాములు. ఆంపుల్‌కు ఒక్క గ్రామే కాబట్టి 14 ఆంపుళ్లు విరవాలి. నాలుగింటిని 12 ఎం.ఎల్. సెలైన్‌తో కలిపి నరానికి నెమ్మదిగా ఇవ్వాలి. మిగతా పదింటిని రెండు సిరంజీల్లో సగం సగం నింపి రెండు పిరుదులకూ ఇవ్వాలి. ఆలోగా ఫిట్స్‌తో ఉన్న తల్లిని ఇంకొకరు పక్కకు తిప్పి పట్టుకోవాలి. ట్రేలో 20 ఎం.ఎల్. సిరంజి లేదనీ, ఆ మందు ఎక్కువైతే విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ అయిపోయిందనీ మాక్ డ్రిల్‌లో తెలియాలి, ఏటూరునాగారం నుంచి వంద కిలోమీటర్లు 108లో వచ్చిన గర్భిణి బల్ల మీద ఉన్నప్పుడు కాదు.

పడకలు కిక్కిరిసి ఉన్నాయి, సిబ్బంది చాలరు అంటారు. నిజమే. కానీ డ్యూటీ మారే వేళ 15 నిమిషాలు చాలు. బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో డాక్టర్లు, మిడ్‌వైఫ్‌లు సొంత ఆసుపత్రిలోనే కలిసి సాధన చేశాక, శిశువు భుజం ఇరుక్కున్న కాన్పుల్లో పిల్లలకు గాయాలు 9.3 శాతం నుంచి 2.3 శాతానికి తగ్గాయి.

మన దగ్గరా అసలు లేబర్ రూమ్‌లో, ముందే చెప్పకుండా, నైట్ డ్యూటీలో ఉన్నవాళ్లతోనే చేయించాలి. ఆయా, డ్యూటీ డాక్టర్, బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్ అందరూ ఉండాలి. లోపం బయటపడితే నర్సుకు మెమో ఇవ్వకూడదు. మెమో ఇస్తే మరుసటిసారి లోపాన్ని దాస్తారు, మళ్లీ సంతకాలే మిగులుతాయి.

వరంగల్, ములుగు, భూపాలపల్లి జిల్లాల అధికారులను మేము అడిగేది ఇంతే: డ్రిల్ ఏ రాత్రి జరిగింది, మొదటి మందు ఎన్ని నిమిషాలకు పడింది, ఏం దొరకలేదు, అది ఎప్పుడు తెప్పించారు? ఈ నాలుగూ లేని రిజిస్టర్ మీద సంతకం చేసే సూపరింటెండెంట్, ఆ లేబర్ రూమ్‌లో జరగబోయే ఆలస్యానికి తానే బాధ్యుడు.