రిపోర్ట్ ఆయనది, సంజాయిషీ ఆమెదా?

పెళ్లై రెండేళ్లు దాటితే చాలు, "విశేషమేమైనా ఉందా?" అని ఆడపిల్లనే అడుగుతారు, పక్కనే భర్త కూర్చుని ఉన్నా సరే. నాకు స్కానింగులు, ట్యూబుల పరీక్ష, శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ అన్నీ అయ్యాక, నాలుగో ఏట గానీ మావారికి వీర్య పరీక్ష చేయించాలన్న మాట రాలేదు. కొన్ని వందల రూపాయలతో ఒక్క పూటలో అయిపోయే పరీక్ష అది. జీరో కౌంట్ అని వచ్చింది, అంటే వీర్యకణం ఒక్కటీ లేదు. రక్తం తీసి క్రోమోజోముల పరీక్షకు పంపితే మూడు వారాలకు అసలు సంగతి తెలిసింది: మామూలుగా మగవాళ్లకుండే 46, ఎక్స్ వై బదులు 47, ఎక్స్ ఎక్స్ వై.

క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ అంటారు. 1942లో అమెరికాలో హ్యారీ క్లైన్‌ఫెల్టర్ అనే డాక్టర్, ఆయన తోటివారు దీని గురించి మొదట రాశారు, ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఎక్కువ ఉండటమే కారణమని 1959లో తేలింది. సుమారు 600 మంది మగపిల్లల్లో ఒకరు ఇలా పుడతారు, చాలామందికి జీవితాంతం తెలియనే తెలియదు, తెలిసినవాళ్లలో ఎంతోమందికి పిల్లలు పుట్టట్లేదని పరీక్ష చేయించుకున్నాకే తెలుస్తుంది. "మా వంశంలో ఎవరికీ లేదే" అంటారు పెద్దవాళ్లు. నిజమే, ఉండనక్కర్లేదు. అండమో, వీర్యకణమో తయారయ్యేటప్పుడు అనుకోకుండా జరిగేది ఇది, ఇందులో ఎవరి తప్పూ లేదు, ఏ దోషమూ లేదు.

అయినా రిపోర్ట్ రాగానే ఇంట్లో మొదట పుట్టేది రహస్యం. మగాడి పరువు కాపాడటానికి భార్య నోరు మూసుకోవాలి, బయట తనే గొడ్రాలనిపించుకోవాలి. దగ్గరివాళ్లేమో "నీలో లోపం లేదుగా, అదృష్టవంతురాలివి" అంటారు. ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో అనేవాళ్లకు తెలీదు. బిడ్డ కావాలని నాలుగేళ్లు ఎదురుచూసింది నేను కూడా కదా, ఏడవడానికి నాకు వేరే రిపోర్ట్ కావాలా? ఆయన బాధ పెద్దదే, కాదనను, తను మగాడినే కాదేమోనని రాత్రుళ్లు లేచి కూర్చునేవారు. కానీ ఆయన మౌనాన్నీ, ఊరి ప్రశ్నలనీ కలిపి ఒక్కరే మోస్తే ఆ కాపురంలో మాటలు ఆగిపోతాయి. ఎవరికి చెప్పాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి, చెప్పేది ఆయనే అయితే మంచిది. మా అత్తగారికి ఆయనే చెప్పారు. ఆవిడ నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు, తర్వాత ఒకరోజు వచ్చి నా పక్కన కూర్చుని ఏడ్చారు.

వైద్యం విషయంలో తొందరపాటు ఇంకో ప్రమాదం. నీరసంగా ఉందని టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెడితే ఉన్న కాస్త వీర్యకణాల తయారీ కూడా అణిగిపోతుంది. ఆ మందు అవసరమే, ఒంట్లో ఆ హార్మోన్ తక్కువైతే ఎముకలు బలహీనపడతాయి, షుగర్ ముప్పు పెరుగుతుంది. కానీ పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందు ఫెర్టిలిటీ డాక్టర్‌ని అడగాలి. మైక్రో టీసే అనే ఆపరేషన్‌లో మైక్రోస్కోప్ పెట్టి వృషణంలో వెతికితే పదిమందిలో సుమారు నలుగురికి వీర్యకణాలు దొరుకుతాయి, వాటితో ఇక్సీ, అంటే ఒక్కో కణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించడం, చేయొచ్చు, అలా పుట్టిన పిల్లల్లో ఎక్కువమందికి క్రోమోజోములు మామూలుగానే ఉన్నాయి. అంటే ఆరుగురికి దొరకవు. ఆ మాట డాక్టర్లు ఆపరేషన్‌కి ముందే, భార్యాభర్తలిద్దరి ఎదుటా చెప్పాలి.

మాకు దొరకలేదు.

ఇప్పుడు దాత వీర్యం సంగతి. ఇలాంటి సంతాన చికిత్సల కోసం 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం దంపతుల రాతపూర్వక అంగీకారం లేకుండా చేయకూడదు, పుట్టిన బిడ్డ ఆ దంపతుల సొంత బిడ్డే, అన్ని హక్కులతో. ఆపరేషన్ అయిన వారానికే ఫారం చేతిలో పెట్టారు మాకు. నన్ను సంతోషపెట్టాలని ఆయన వెంటనే సంతకం చేయబోయారు, నేనే ఆపాను. తన రక్తం పంచుకున్న పిల్లలు ఇక పుట్టరని ఆయన ఇంకా ఒక్కసారైనా ఏడవలేదు. ఫారం బీరువాలో ఉంది.