కోక్ చూపించిన అమెరికాలో లేనిదెవరు?

అమెరికా అనగానే కళ్ల ముందు మెదిలే బొమ్మ, ఆ చిరునవ్వుల కుటుంబం, చేతుల్లో చల్లని సీసాలు, చాలావరకు కోకాకోలా డబ్బిచ్చి గీయించినదే. 1931 నుంచి కోక్ ప్రకటనల కోసం చిత్రకారుడు హాడన్ సండ్‌బ్లోమ్ వేసిన ఎర్రకోటు శాంతాక్లాజ్ సంగతి అందరికీ తెలిసిందే. దాన్ని పక్కన పెడదాం. అసలు కథ రెండో ప్రపంచ యుద్ధంలో ఉంది.

యూనిఫాం వేసుకున్న ప్రతి ఒక్కరికీ, ఎక్కడున్నా సరే, 5 సెంట్లకే కోక్ అందాలని కంపెనీ అధిపతి రాబర్ట్ వుడ్‌రఫ్ ఆదేశించాడు. దేశభక్తే అనుకుందాం. 1943 జూన్‌లో ఉత్తర ఆఫ్రికాలోని అమెరికా సేనాని ఐసెన్‌హోవర్ కార్యాలయం నుంచి టెలిగ్రాం వచ్చింది: 30 లక్షల సీసాలు, కోక్ సీసాల్లో నింపే 10 ప్లాంట్లకు సరిపడా యంత్రాలు పంపండి. యుద్ధం ముగిసేసరికి సైన్యం వెంట వెళ్లిన ప్లాంట్లు 64. సైనికులకు వెళ్లే కోక్‌కు చక్కెర రేషన్ కూడా వర్తించలేదు. ఇంత పెద్ద ప్రచారానికి ప్రభుత్వమే దారి వేసింది.

ఆ రోజుల పత్రికా ప్రకటనలు తిరగేయండి. పరాయి ఊళ్లో స్థానికులతో కలిసి కోక్ తాగుతూ నవ్వే సైనికుడు తెల్లవాడే. అదే సైన్యంలో లక్షల మంది నల్లవారు వేరు దళాల్లో పనిచేస్తున్నారు. 1968 ఏప్రిల్ 3న, హత్యకు ముందు రోజు, మార్టిన్ లూథర్ కింగ్ మెంఫిస్‌లో మాట్లాడుతూ కోకాకోలా కొనవద్దని ఇరుగుపొరుగుకు చెప్పమన్నాడు. ఉద్యోగాలివ్వడంలో న్యాయం లేదన్నది ఆయన ఫిర్యాదు. కంపెనీ పుట్టిందీ, కింగ్ పుట్టిందీ ఒకే ఊళ్లో, అట్లాంటాలో. తెల్ల, నల్ల కుర్రాళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్న కోక్ ప్రకటన ఆ మరుసటి ఏడాది వచ్చింది.

ప్రకటన సమాజానికి అద్దం మాత్రమేననీ, ఎర్రకోటు శాంతాను అంతకు ముందే, 19వ శతాబ్దంలోనే, కార్టూనిస్టు థామస్ నాస్ట్ గీశాడనీ కొందరంటారు. నాస్ట్ విషయం నిజమే. కానీ ఉన్నవాటిలో దేన్ని ఇంటింటికీ చేర్చాలో, దేన్ని వదిలేయాలో తేల్చింది కంపెనీయే కదా!

ఆ ఎంపిక ఫలితం 2014లో సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, నాడు బయటపడింది. 60 సెకన్ల ప్రకటనలో దేశభక్తి గీతాన్ని హిందీ, స్పానిష్, ప్యూబ్లో ఆదివాసుల కేరెస్ వంటి భాషల్లో పాడించారు. ఇంగ్లిష్ కాని భాషల్లో పాడించారని వెంటనే కోక్ బహిష్కరణకు పిలుపులు. కేరెస్ మాట్లాడేవాళ్లు అమెరికా పుట్టకముందు నుంచీ ఆ నేల మీదే ఉన్నారని తిట్టినవాళ్లకు తట్టలేదు. దశాబ్దాలుగా కోక్ చూపించిన దేశాన్నే వాళ్లు అసలు దేశమనుకున్నారు. ఒక్క నిమిషం ప్రకటనతో ఆ పాఠం చెరిగిపోతుందా?

2017 ఫిబ్రవరి 5న అదే ప్రకటన మళ్లీ వేశారు. మూడు వారాలు తిరక్కముందే కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో, హైదరాబాద్ నుంచి వెళ్లిన మన తెలుగు ఇంజినీరును 'నా దేశం వదిలిపో' అని అరుస్తూ కాల్చి చంపారు. ఆ హత్యకు ప్రకటనలే కారణమని అనడం లేదు. ఒక శీతల పానీయం ఇచ్చే గుర్తింపు ఎంతవరకో చెబుతున్నాను. ప్రకటనలో హిందీ వినిపించిందని మురిసిపోయే డల్లాస్, న్యూజెర్సీ తెలుగువారు తమ ఊళ్లలో స్కూల్ బోర్డు ఎన్నికలకు నిలబడి గెలిస్తే, పిల్లల పాఠ్యాంశాల్లో ఎవరి అమెరికా ఉండాలో తేల్చేచోట వాళ్లకూ ఓ కుర్చీ ఉంటుంది.